పటాన్‌చెరు మెట్రో స్టేషను (ప్రతిపాదన)

పటాన్‌చెరు మెట్రో స్టేషను హైదరాబాదు మెట్రో రైలు రెండవ దశలో ప్రతిపాదించబడిన స్టేషను. మియాపూర్ నుండి 65వ నంబరు జాతీయ రహదారి వెంబడి పశ్చిమ దిశగా నిర్మించదలచిన 13.4 కి.మీ. మార్గానికి ఇది చివరి మజిలీ. ప్రభుత్వ పత్రాలలో ఈ మార్గానికి 7వ కారిడారు అని పేరు. సంగారెడ్డి జిల్లాలోని పారిశ్రామిక ప్రాంతాన్ని నగరంలోని మెట్రో మార్గాలతోను, వాటి ద్వారా శంషాబాదులోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయంతోను కలపడం ఈ ప్రతిపాదన ఉద్దేశం. రాష్ట్ర మంత్రివర్గం 2024 అక్టోబరు 26న దీనికి ఆమోదం తెలిపినది. 2025 చివరి నాటికి కేంద్ర ప్రభుత్వ ఆమోదం లభించలేదు.

నేపథ్యం

నిజాం ప్రభుత్వ కాలంలో, 1874లో ప్రారంభమైన సికింద్రాబాదు - వాడి రైలు మార్గం లింగంపల్లి దాటిన తరువాత నైరుతి దిక్కుకు తిరిగి శంకరపల్లి మీదుగా సాగిపోతుంది. అందుచేత పటాన్‌చెరు, సంగారెడ్డి పట్టణాలు ప్రధాన రైలు మార్గానికి దూరంగా ఉండిపోయాయి. మెదకు జిల్లాకు దీర్ఘకాలం కేంద్రంగా ఉండి, 2016 అక్టోబరు 11 నుండి తన పేరిటనే ఏర్పడిన జిల్లాకు కేంద్రమైన సంగారెడ్డికి రైల్వే స్టేషను లేదు.

రైలు రాలేదు గాని పరిశ్రమలు మాత్రం వచ్చాయి. రామచంద్రాపురంలో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారం 1960లలో ఏర్పడినది. 1972లో మెట్ట పంటల పరిశోధనకు అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్ పటాన్‌చెరు వద్ద స్థాపించబడినది. ఆ తరువాత పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, ఖాజీపల్లి పారిశ్రామికవాడలు విస్తరించాయి. భానూరులో భారత్ డైనమిక్స్ కర్మాగారం, ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం ఉన్నాయి. కంది వద్ద భారతీయ సాంకేతిక విద్యా సంస్థ (ఐ.ఐ.టి.) శాశ్వత ప్రాంగణం ఉన్నది. వీటన్నింటికీ చేరుకునే ముఖ్య మార్గం ముంబాయి రోడ్డు అని పిలువబడే జాతీయ రహదారి ఒక్కటే. కంపెనీ బస్సులు, ఆర్టీసీ బస్సులు, షేర్ ఆటోలు, సరుకు లారీలు అన్నీ దాని మీదనే నడుస్తాయి.

2007లో గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థ ఏర్పడినపుడు రామచంద్రాపురం, పటాన్‌చెరు పట్టణాలు అందులో కలిసినవి. అయితే 2017 నవంబరు 28న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ప్రారంభించిన మెట్రో రైలు మియాపూర్ వద్దనే ఆగిపోయినది. నగరంలో కలిసిన ప్రాంతానికి నగర రైలు అందకపోవడం పట్ల స్థానికులలో అసంతృప్తి మొదటి నుండి ఉన్నది.

ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు

మెట్రో కన్నా ముందే, 2003 ఆగస్టులో, ఎం.ఎం.టి.ఎస్. స్థానిక రైళ్ళు లింగంపల్లి వరకు వచ్చాయి. అప్పటికి హైదరాబాదు విమానాశ్రయం బేగంపేటలో ఉండేది. లింగంపల్లిలో రైలెక్కిన ప్రయాణికుడు బేగంపేట స్టేషనులో దిగితే విమానాశ్రయం దగ్గరే. ఎవరూ ప్రత్యేకించి ప్రణాళిక వేయకుండానే పటాన్‌చెరు వైపు ప్రజలకు విమానాశ్రయానికి రైలు సౌకర్యం ఆ విధంగా ఉండేది. 2008 మార్చి 23న పౌర విమానాలన్నీ శంషాబాదుకు తరలిపోవడంతో ఆ సౌకర్యం పోయినది.

ఎం.ఎం.టి.ఎస్. రెండవ దశలో తెల్లాపూర్ - రామచంద్రాపురం మధ్య సుమారు 6 కి.మీ. మార్గం సిద్ధమైనది. కొన్ని రైళ్ళను రామచంద్రాపురం దాకా పొడిగించారు. మరొక కొసన ఫలక్‌నుమా నుండి ఉందానగర్ వరకు నడిచే రైళ్ళను 2023 ఏప్రిల్ 8న ప్రారంభించారు. ఉందానగర్ విమానాశ్రయానికి సమీపంలోని రైల్వే స్టేషను. అక్కడి నుండి విమానాశ్రయం లోపలికి మిగిలిన కొద్ది కిలోమీటర్ల మార్గం మొదట ప్రతిపాదనలో ఉన్నప్పటికీ నిర్మించబడలేదు. ఆ కొద్ది దూరం పూర్తయి, రైళ్ళు తగినన్ని నడిచి ఉన్నట్లయితే రామచంద్రాపురం నుండి విమానాశ్రయానికి రైలు మార్గం ఎప్పుడో ఏర్పడి ఉండేది. మెట్రో గురించి జరిగే చర్చలలో ఈ సంగతి అరుదుగా ప్రస్తావనకు వస్తుంది.

మారుతూ వచ్చిన ప్రణాళికలు

పటాన్‌చెరు వైపు మెట్రోను ఏ దారిన తీసుకురావాలన్న విషయంలో ప్రభుత్వ ఆలోచన కొద్ది సంవత్సరాలలోనే పలుమార్లు మారినది. 2022 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం బి.హెచ్.ఇ.ఎల్. నుండి కొండాపూర్, గచ్చిబౌలి, మెహదీపట్నం మీదుగా లక్డీకాపూల్ వరకు 26 కి.మీ., నాగోలు నుండి ఎల్.బి.నగర్ వరకు 5 కి.మీ. మార్గాలను రూ. 8,453 కోట్ల అంచనాతో కేంద్రానికి పంపినది. అదే సంవత్సరం డిసెంబరు 9న అప్పటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు రాయదుర్గం నుండి శంషాబాదు విమానాశ్రయానికి 31 కి.మీ. పొడవైన ఎక్స్‌ప్రెస్ మెట్రోకు శంకుస్థాపన చేశారు. దాని అంచనా వ్యయం రూ. 6,250 కోట్లు. ఈ రెండు మార్గాలు గచ్చిబౌలి - బయోడైవర్సిటీ కూడలి ప్రాంతం మీదుగా వెళ్ళవలసి ఉండెను. అనగా బి.హెచ్.ఇ.ఎల్. వద్ద ఎక్కినవారు అక్కడ ఒక్కసారి రైలు మారి విమానాశ్రయం చేరగలిగేవారు.

2023 జూలై 31న రాష్ట్ర మంత్రివర్గం ఇంకా పెద్ద ప్రణాళికను ఆమోదించినది. అందులో ఇస్నాపూర్ వరకు పొడిగింపుతో పాటు, బాహ్య వలయ రహదారి వెంబడి మెట్రో కూడా చేర్చబడినది. మేడ్చల్, దుండిగల్ వైపు నుండి వచ్చే మార్గం, కోకాపేట మీదుగా నార్సింగి వైపు వెళ్ళే మార్గం పటాన్‌చెరు కూడలి వద్ద కలుస్తాయని ఆ ప్రణాళిక. ఇంతవరకు వచ్చిన ప్రతిపాదనలలో పటాన్‌చెరును కేవలం చివరి స్టేషనుగా కాక, మార్గాలు కలిసే కూడలిగా భావించినది ఇది. అయితే అది కాగితం దాటలేదు.

2023 డిసెంబరులో అధికారంలోకి వచ్చిన ఎ.రేవంత్ రెడ్డి ప్రభుత్వం రాయదుర్గం - విమానాశ్రయం మార్గాన్ని పక్కన పెట్టినది. ఆ దిశలో బాహ్య వలయ రహదారి ఇదివరకే ఉన్నదని, సామాన్య ప్రజలు ఎక్కువగా నివసించే తూర్పు, దక్షిణ ప్రాంతాలకు మెట్రో అవసరమని ప్రభుత్వం వాదించినది. ఆ వాదనలో న్యాయం లేకపోలేదు. పాతబస్తీ అప్పటికి మెట్రో లేక వేచి ఉన్నది. కాని ఈ మార్పు వలన నగరపు పడమటి కొసకు విమానాశ్రయం దూరమైనది.

ప్రస్తుత ప్రతిపాదన

2024లో ఆమోదించిన రెండవ దశలో ఐదు మార్గాలు, మొత్తం 76.4 కి.మీ. ఉన్నాయి. నాగోలు - విమానాశ్రయం 36.8 కి.మీ., మియాపూర్ - పటాన్‌చెరు 13.4 కి.మీ., రాయదుర్గం - కోకాపేట నియోపొలిస్ 11.6 కి.మీ., మహాత్మా గాంధీ బస్ స్టేషను - చాంద్రాయణగుట్ట 7.5 కి.మీ., ఎల్.బి.నగర్ - హయత్‌నగర్ 7.1 కి.మీ. మొత్తం అంచనా వ్యయం రూ. 24,269 కోట్లు. అందులో రాష్ట్రం వాటా 30 శాతం, కేంద్రం వాటా 18 శాతం, రుణాలు 48 శాతం కాగా, మిగిలినది ప్రైవేటు భాగస్వామ్యం ద్వారా సమకూర్చవలసి ఉన్నది.

పటాన్‌చెరు మార్గం పూర్తిగా స్తంభాల మీద సాగుతుంది. మదీనాగూడ, చందానగర్, బి.హెచ్.ఇ.ఎల్., రామచంద్రాపురం, బీరంగూడ, ఇక్రిశాట్ ప్రాంతాలు ఈ దారిలో వస్తాయి. మియాపూర్ - ఎల్.బి.నగర్ మార్గానికి ఇది పొడిగింపు. ఇదే రహదారిని మదీనాగూడ నుండి సంగారెడ్డి కూడలి వరకు ఆరు వరుసలుగా విస్తరించే పనికి 2024 మార్చి 5న సంగారెడ్డిలో ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. కనుక మెట్రో స్తంభాలకు, రహదారి పైవంతెనలకు చోటు ముందుగానే సమన్వయం చేసుకోవలసి ఉంటుంది. లేనిచో ఒకసారి కట్టినదానిని మళ్ళీ కూల్చవలసి రావచ్చు.

2025లో తొలి దశ నిర్వహణ ప్రైవేటు సంస్థ చేతిలో ఉండగా, రెండవ దశ కేంద్ర, రాష్ట్రాల సంయుక్త సంస్థ ద్వారా చేపట్టదలచినది. ఒకే పట్టాల మీద ఇద్దరు యజమానుల రైళ్ళు ఎలా నడుస్తాయన్న ప్రశ్నను కేంద్రం లేవనెత్తినది. పొడిగింపు మార్గమైన పటాన్‌చెరుకు ఈ ప్రశ్న నేరుగా వర్తిస్తుంది. 2025 సెప్టెంబరులో తొలి దశను ఎల్ అండ్ టి సంస్థ నుండి రాష్ట్ర ప్రభుత్వం స్వాధీనం చేసుకునేందుకు సూత్రప్రాయంగా అంగీకారం కుదిరినది.

విమానాశ్రయానికి ప్రయాణం

ఈ ప్రతిపాదన ప్రకారం పటాన్‌చెరులో ఎక్కిన ప్రయాణికుడు మియాపూర్, అమీర్‌పేట మీదుగా ఎల్.బి.నగర్ చేరి, అక్కడ రైలు మారి, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా విమానాశ్రయం వెళ్ళవచ్చు. పటాన్‌చెరు నుండి మియాపూర్‌కు 13.4 కి.మీ., అక్కడి నుండి ఎల్.బి.నగర్‌కు 29 కి.మీ., ఆ పైన మరో 30 కి.మీ. పైచిలుకు. మొత్తం 70 కి.మీ. దాటుతుంది. మెట్రో రైళ్ళ సగటు వేగాన్ని బట్టి చూస్తే రెండు గంటలకు తక్కువ పట్టదు. బాహ్య వలయ రహదారి మీద ముత్తంగి కూడలి నుండి శంషాబాదు 50 కి.మీ. లోపే. కాబట్టి పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రజలు విమానం కోసం ఈ మెట్రోను ఎక్కుతారని ఆశించడం కష్టం. పటములో గీతలు కలిసినంత మాత్రాన ప్రయాణం కలవదు.

పోల్చి చూడదగినది చెన్నై. అక్కడ 2016లో మెట్రో విమానాశ్రయానికి చేరినది. విమానాశ్రయానికి ఎదురుగానే తిరుసూలం లోకల్ రైల్వే స్టేషను ఉండటం వలన రెండు రకాల రైళ్ళూ అందుబాటులో ఉన్నాయి.

కార్మికులకు ఉపయోగం

స్టేషను అసలు ప్రయోజనం విమానాశ్రయం కన్నా రోజువారీ ప్రయాణంలోనే ఎక్కువగా ఉన్నది. బి.హెచ్.ఇ.ఎల్. ఉద్యోగులకు, ఇక్రిశాట్ సిబ్బందికి, నగరంలో చదువుకునే విద్యార్థులకు రహదారి రద్దీ నుండి విముక్తి కలుగుతుంది. కాని పారిశ్రామికవాడల కార్మికుల విషయంలో రెండు చిక్కులు ఉన్నాయి. మొదటిది దూరం. పాశమైలారం పటాన్‌చెరుకు ఆవల ఉన్నది. సంగారెడ్డి ఇంకా సుమారు 25 కి.మీ. దూరం. స్టేషను నుండి ఫ్యాక్టరీ గేటు దాకా బస్సులు లేకపోతే మళ్ళీ షేర్ ఆటోయే గతి. రెండవది వేళలు. మూడు షిఫ్టులు నడిచే కర్మాగారాలలో మొదటి షిఫ్టు సాధారణంగా ఉదయం 6 గంటలకు మొదలవుతుంది. హైదరాబాదు మెట్రోలో మొదటి రైలు బయలుదేరేది కూడా 6 గంటలకే. రాత్రి 10 గంటలకు షిఫ్టు దిగినవారికి మాత్రం చివరి రైలు అందవచ్చును.

మియాపూర్‌లో ఖాళీ రైలు ఎక్కడానికి అలవాటుపడిన ప్రయాణికులకు పటాన్‌చెరు నుండే నిండి వచ్చే మూడు పెట్టెల రైలు కొత్త ఇబ్బంది కాగలదు. అందుచేత మార్గం పొడిగింపుతో పాటు రైళ్ళ సంఖ్య, పెట్టెల సంఖ్య కూడా పెంచవలసి ఉంటుంది. లింగంపల్లి ఎం.ఎం.టి.ఎస్. స్టేషను జాతీయ రహదారికి కొద్ది దూరంలోనే ఉన్నందున, అక్కడి మెట్రో స్టేషనుకు నడక వంతెన నిర్మించడం ఈ మార్గంలో తక్కువ ఖర్చుతో చేయదగిన అనుసంధానం.