మెట్ట సీమలో తపస్సుకాలం: కర్నూలు, కడప మేత్రాసనాల్లో దైవార్చన వత్సర చరిత్ర

ఉపోద్ఘాతం

ఆగమన కాలంతో మొదలై, క్రీస్తు జయంతి, తపస్సుకాలం, పాస్క, పెంతెకోస్తు, సామాన్య కాలం మీదుగా క్రీస్తురాజు మహోత్సవంతో ముగిసే దైవార్చన వత్సరాన్ని మన విచారణల్లో గురువులు ఏటా వివరిస్తూనే ఉన్నారు. ఆ వివరణల్లో ఎక్కువగా వినిపించేది దైవశాస్త్రం. ఈ కాలచక్రం ఒక నిర్దిష్టమైన నేల మీద, ఒక నిర్దిష్టమైన ప్రజల మధ్య ఎలా తిరిగిందన్న చరిత్ర అంతగా వినిపించదు. ఈ వ్యాసంలో మేము కర్నూలు, కడప మేత్రాసనాలను ఆధారంగా తీసుకొని ఆ చరిత్రను పరిశీలిస్తున్నాం. అన్ని కాలాలనూ సమానంగా చర్చించడం ఇక్కడ సాధ్యం కాదు గనుక తపస్సుకాలాన్నే కేంద్రంగా ఉంచుకున్నాం. దీనికి కారణం ఉంది. ఆకలి ఎరుగని వాడికి ఉపవాసం ఒక సాధన. తరతరాలుగా కరువునే ఎరిగిన వాడికి ఉపవాసం అంటే ఏమిటి? ఈ ప్రశ్న రాయలసీమ శ్రీసభను మూడు శతాబ్దాలుగా వెంటాడుతూనే ఉంది.

1. రెండు కాలచక్రాలు

రోమను దైవార్చన పంచాంగం మధ్యధరా సముద్ర ప్రాంతంలో రూపుదిద్దుకుంది. అక్కడ పాస్క వసంతంలో వస్తుంది. నేల చిగురుస్తుంది, పగళ్లు పొడవవుతాయి. పెంతెకోస్తు యూదులకు మొదట గోధుమ పంట ప్రథమ ఫలాల పండుగ. మరణం నుండి జీవం, విత్తనం నుండి వెన్ను అన్న సాదృశ్యాలు ఆ ఋతువుల్లో కంటి ముందే కనిపిస్తాయి.

కర్నూలు, కడప ప్రాంతాల్లో ఏటా కురిసే వాన సుమారు 600 నుండి 700 మిల్లీమీటర్లు. అదీ సమయానికి కురుస్తుందన్న నమ్మకం లేదు. ఎర్రనేలల్లో ముంగారు వానలకు, అంటే జూన్, జూలై నెలల్లో, విత్తనం పడుతుంది. నంద్యాల, కోయిలకుంట్ల వైపు నల్లరేగడి నేలల్లో హింగారు తేమను నమ్ముకొని సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో జొన్న, శనగ వేస్తారు. మాఘ, ఫాల్గుణాలు గడిచేసరికి మెట్ట పొలాల్లో పని తీరిపోతుంది. చైత్ర, వైశాఖాల్లో బావులు అడుగంటుతాయి. కనుక ఇక్కడ తపస్సుకాలం చిగురు వేసే కాలం కాదు, నేల ఎండిపోయే కాలం. పునరుత్థాన పండుగ నడివేసవి ఎండల్లో వస్తుంది. మే 10కీ జూన్ 13కీ మధ్య వచ్చే పెంతెకోస్తు కోతల వేళకు కాక, ఏరువాక కోసం ఆకాశం వైపు చూసే వేళకు వస్తుంది.

అయినా ఈ రెండు చక్రాలకూ పొత్తు లేకపోలేదు. పాస్క తేదీని నిర్ణయించేది చంద్రుడు. మార్చి 21న గాని ఆ తరువాత గాని వచ్చే తొలి పౌర్ణమి దాటిన ఆదివారమే పునరుత్థాన పండుగ. చాలా సంవత్సరాల్లో అది చైత్ర పౌర్ణమి దాటాక వస్తుంది. ఉగాది తపస్సుకాలంలో పడుతుంది. అధిక మాసాల లెక్క వలన ఒక్కోసారి ఈ వరుస తప్పుతుంది. 2024లో ఈస్టర్ మార్చి 31న వస్తే, ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. మొత్తం మీద చంద్రుణ్ణి చూసి తిథులు చెప్పుకొనే పల్లెకు పాస్క లెక్క పూర్తిగా పరాయిది కాదు.

2. సన్న్యాసి గురువులు, విభూది

తెలుగు మెట్ట సీమలో ఈ పంచాంగాన్ని ప్రవేశపెట్టినవారు కర్నాటక మిషనుకు చెందిన ఫ్రెంచి యేసుసభ గురువులు. 18వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో పుంగనూరు, ఆ తరువాత అనంతపురం సీమలోని కృష్ణాపురం, మదిగుబ్బ వారి కేంద్రాలయ్యాయి. మధుర మిషను పద్ధతిని అనుసరించి వారు కాషాయం ధరించి, మాంసం విడిచి, సన్న్యాసుల వలె జీవించారు. ఏడాది పొడవునా ఒక పూట శాకాహారం తీసుకొనే గురువు తపస్సుకాల ఉపవాసాన్ని బోధిస్తే, ప్రజలు దానిని వింతగా చూడవలసిన పని లేకపోయింది. ఈ నేలలో తపస్సు అన్న మాటకు అప్పటికే బరువు ఉంది. వీరిలో గాస్తోఁ లోరాఁ కుర్దూ (1691-1779) తెలుగు, సంస్కృతాలు నేర్చి నిఘంటు రచన చేశాడు. సంస్కృతానికీ గ్రీకు, లాటిను భాషలకూ గల బంధుత్వాన్ని 1767లో పారిసు విద్వత్పరిషత్తుకు తెలియజేసినవాడు ఈయనే.

అయితే ఈ సర్దుబాటుకు హద్దు ఎక్కడ? ఈ వివాదంలోనే మన అంశానికి సంబంధించిన ఒక విశేషం ఉంది. జగద్గురువుల ప్రతినిధి తూర్నోఁ 1704 జూన్ 23న పుదుచ్చేరిలో జారీ చేసిన శాసనం మలబారు ఆచారాలుగా పేరుపడిన పలు పద్ధతులను నిషేధించింది. ఆవు పేడ కాల్చి చేసిన విభూతిని నొసట ధరించరాదన్నది వాటిలో ఒకటి. క్రైస్తవ వాద్యకారులు దేవాలయ ఉత్సవాల్లో వాయించరాదన్నది మరొకటి. వ్యాధిగ్రస్తులైన అంత్యజులకు వారి ఇళ్లకే వెళ్లి దివ్యసంస్కారాలు ఇవ్వాలని కూడా అదే శాసనం ఆదేశించింది. 1744లో 14వ బెనెడిక్టు జగద్గురువులు ఈ వివాదానికి తుది తీర్పు చెప్పారు.

శాసనం బూడిదను నిషేధించింది గాని, శ్రీసభకు తనదైన బూడిద ఉండనే ఉంది. గత సంవత్సరపు మ్రానికొమ్మలను కాల్చి, ఆ బూడిదతో నొసట సిలువ గుర్తు వేయడం తపస్సుకాల ప్రారంభం. తెలుగు కతోలికులు ఈనాటికీ ఆ రోజును ‘విభూది బుధవారం’ అనే పిలుస్తున్నారు. వస్తువును కాదన్నా మాట నిలిచింది. మాట నిలిచినా అర్థం మారింది. శైవునికి విభూతి ఐశ్వర్యం, రక్ష. తపస్సుకాలంలో అది మన్నులో కలిసే మనిషి తనను తాను గుర్తు చేసుకొనే చిహ్నం. అర్చన వత్సరం ఒక భాషలో ఇల్లు కట్టుకోవడమంటే ఇదేనని మేము భావిస్తున్నాం.

కరువులు, దండయాత్రల మూలంగా ఆ శతాబ్దంలోనే అనంతపురం సీమ నుండి కొన్ని విశ్వాస కుటుంబాలు ఉత్తరానికీ తూర్పుకూ తరలిపోయాయి. గుంటూరు సీమలోని ఫిరంగిపురం, రెంటచింతల వంటి విచారణల పూర్వచరిత్ర ఈ వలసలతో ముడిపడి ఉంది. 1773లో యేసుసభ రద్దయింది. 1776లో మిషను బాధ్యత పారిసు విదేశ మిషను సంఘానికి వచ్చింది. సీమలో గురువులు అరుదయ్యారు. గురువు లేనిదే దివ్యబలిపూజ లేదు. బలిపూజ లేనిదే అర్చన వత్సరం సంపూర్ణం కాదు. అటువంటి రోజుల్లో విశ్వాసం నిలిచేది కంఠస్థమైన జపాల్లో, జపమాలలో, ఉపదేశి చెప్పే ఆదివారపు ప్రార్థనలో, శుక్రవారపు ఒక్క పొద్దులో. ఉపవాసానికి పీఠం అక్కరలేదు, గురువు అక్కరలేదు. తపస్సుకాలం ప్రజల చేతిలో ఎక్కువగా మిగలడానికి ఇదొక కారణం.

3. ధాత కరువు, ఉపవాస శాసనం

1875 నుండి మిల్‌హిల్ గురువులు మద్రాసు వికారియేటులోని తెలుగు ప్రాంతాలకు రాసాగారు. వారు వచ్చీ రాగానే ధాత కరువు వచ్చింది. 1876లో వానలు పూర్తిగా తప్పాయి. 1878 వరకు సాగిన ఆ కరువులో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. తుంగభద్ర మీద సుంకేసుల నుండి తవ్విన కర్నూలు-కడప కాలువ అప్పటికే ఉన్నా, అది తడిపిన నేల పరిమితమే. కాలువ కింద బతికేవాడి కాలచక్రం వేరు, వానను నమ్ముకున్నవాడి కాలచక్రం వేరు.

1877 జనవరిలో సర్ రిచర్డు టెంపుల్ కరువు పనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, దాని పైన కొద్దిపాటి పైకం అన్న లెక్కకు కుదించాడు. మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిష్ దీనిని గట్టిగా వ్యతిరేకించాడు. కష్టం చేసే శరీరానికి అది చాలదని వాదించాడు. ఆ సంవత్సరం ఈస్టర్ ఏప్రిల్ 1న వచ్చింది. అంటే విభూది బుధవారం ఫిబ్రవరి 14. టెంపుల్ కూలి అమలులోకి వచ్చిన కొద్ది వారాలకే శ్రీసభ నలభై రోజుల ఉపవాసం మొదలైందన్న మాట. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే మా ప్రశ్న ఎంత తీవ్రమైందో అర్థమవుతుంది.

శ్రీసభ శాసనం ఇంతటి దుస్థితిని ఎరుగనిది కాదు. పేదలనూ, కఠిన శ్రమ చేసేవారినీ, రోగులనూ నైతిక వేదాంతులు ఉపవాస నియమం నుండి ఏనాడో మినహాయించారు. 1917 నాటి శ్రీసభ చట్టం ఆదివారాలు మినహా తపస్సుకాలం అంతటా ఉపవాసాన్ని విధించినా, ఈ మినహాయింపులు కొనసాగాయి. కాని మినహాయింపు సమాధానం కాదు. రాయలసీమ విశ్వాసుల్లో అధిక భాగం మాల, మాదిగ కుటుంబాలవారు, కూలి మీద బతికేవారు. సంఘంలో అధిక భాగానికి మినహాయింపు ఇవ్వవలసి వస్తే, ఆ కాలానికి వారి జీవితంలో ఇక అర్థమేమిటి? తపస్సుకాలం ఉన్నవారి పండుగేనా?

దీనికి స్పష్టమైన సమాధానం 1966 ఫిబ్రవరి 17న వచ్చింది. 6వ పౌలు జగద్గురువులు ‘పేనితేమిని’ అన్న శాసనంలో ఉపవాస దినాలను విభూది బుధవారం, పవిత్ర శుక్రవారాలకు కుదించారు. అంతకంటే ముఖ్యమైనది వారు చూపిన వివేచన. సంపన్న దేశాల్లోని క్రైస్తవులు లోకానికి లోబడకుండా తమను తాము అదుపులో ఉంచుకొని, ఆకలిగొన్నవారికి పంచి సాక్ష్యమివ్వాలి. పేదరికమున్న చోట విశ్వాసులు సాంఘిక న్యాయం కోసం అన్ని విధాలా పాటుపడుతూనే, తమ కష్టాన్ని ప్రార్థనలో ప్రభువుకు అర్పించాలి. ఆకలిని పుణ్యంగా పొగడడం గాని, ఆకలి మీద మరో ఆకలి మోపడం గాని ఇందులో లేవు.

4. మేత్రాసనాలు, మాతృభాష

1928లో నెల్లూరు మేత్రాసనం ఏర్పడింది. అదే సంవత్సరం నంద్యాలలో జరిగిన సభలో ‘దత్త మండలాలు’ అన్న పేరు పోయి ‘రాయలసీమ’ అన్న పేరు వచ్చింది. నెల్లూరు నుండి 1967 జూన్ 12న కర్నూలు, 1976 అక్టోబరు 19న కడప వేరుపడ్డాయి. కర్నూలు మేత్రాసనంలో అనంతపురం సీమ కూడా చేరింది గనుక కృష్ణాపురం నాటి వారసత్వం దానికే దక్కింది. 2008 నుండి 2020 వరకు కర్నూలు పీఠాధిపతిగా ఉన్న పూల ఆంథోని గారు 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. తెలుగువారిలోనూ, దళితుల్లోనూ ఆ పదవి పొందిన తొలి వ్యక్తి ఆయన.

ఈ మేత్రాసనాలు ఏర్పడిన కాలమే దైవార్చన సంస్కరణ కాలం. 1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ దైవార్చన శాసనాన్ని వెలువరించింది. లాటిను స్థానంలో తెలుగు వచ్చింది. 1969లో పఠనాల పట్టిక మూడు సంవత్సరాల చక్రంగా మారడంతో మత్తయి, మార్కు, లూకా సువిశేషాలు వరుసగా పల్లె చెవిన పడ్డాయి. విభూది బుధవారం తరువాతి శుక్రవారం యెషయా ప్రవక్త 58వ అధ్యాయాన్ని తెలుగులో విన్న కూలి మనిషికి, ఉపవాసమంటే ఆకలిగొన్నవానికి అన్నం పెట్టడం, కాడిని విరగగొట్టడం అని ప్రవక్త చెప్పడం తన గురించే చెప్పినట్లు వినిపించి ఉంటుంది.

అదే సంస్కరణలో ఒక మార్పు మన దృష్టిని తప్పించుకుంది. పూర్వం మోక్షారోపణ పండుగకు ముందు మూడు రోజులు రొగేషన్ దినాలు ఉండేవి. 5వ శతాబ్దంలో గాల్ దేశపు వియెన్ పీఠాధిపతి మమెర్తుసు నెలకొల్పిన ఈ దినాల్లో విశ్వాసులు పునీతుల ప్రార్థనలు పాడుతూ ఊరేగింపుగా వెళ్లి పంటల క్షేమం కోసం వేడుకొనేవారు. 1969 పంచాంగ సంస్కరణ వీటి సమయాన్నీ, పద్ధతినీ ప్రాంతీయ పీఠాధిపతుల సమాఖ్యలకు వదిలింది. అంటే నియమం తొలగిపోయినా అవకాశం మిగిలే ఉంది. భూమి ఫలాల కోసం, మానవ శ్రమ కోసం ఏ రోజుల్లో ప్రార్థించాలో ఆ నేలనెరిగినవారే నిర్ణయించుకోవచ్చు.

5. సుగ్గి కాలం, ఖాళీ గ్రామాలు

పశ్చిమ కర్నూలులో, ముఖ్యంగా కోసిగి, మంత్రాలయం, ఆదోని ప్రాంతాల్లో, ఖరీఫు పంట పోయిన ఏడు జనవరి దాటగానే కుటుంబాలు మూటాముల్లె కట్టుకొని సుగ్గికి బయలుదేరతాయి. గుంటూరు సీమలో మిరప కోతలు వారికి ఆధారం. బడి మాని పిల్లలు కూడా వెంట వెళ్తారు. ఉగాది నాటికి కొందరు తిరిగి వస్తారు, కొందరు రారు. విభూది బుధవారం ఫిబ్రవరి 4కీ మార్చి 10కీ మధ్య వస్తుంది. అంటే మన తపస్సుకాలమంతా వారి సుగ్గి కాలమే. గుడిలో సిలువ మార్గం నడిచేవేళకు విశ్వాసులు వేరే మేత్రాసనంలోని పొలం గట్ల మీద గుడారాల్లో ఉంటారు. తమ పూర్వపు విశ్వాస కుటుంబాలు కరువుకు తాళలేక వెళ్లిన ఆ గుంటూరు దారినే వీరూ పట్టడం చరిత్రలోని విషాదం.

దీనిని విశ్వాసం సన్నగిల్లడంగా లెక్కించడం న్యాయం కాదు. పాస్క అంటేనే దాటిపోవడం. నడుము బిగించి, చేతికర్ర పట్టి, త్వరపడుతూ తిన్న భోజనం జ్ఞాపకార్థమే ఆ పండుగ. ఆ భోజనం సంగతి స్థిరంగా ఇంటిపట్టున ఉండేవానికంటే సుగ్గికి వెళ్లేవానికే దగ్గరగా తెలుసు. అయితే ఈ పోలిక వారి కష్టాన్ని అలంకరించే మాటగా మిగిలిపోకూడదు. కారితాస్ ఇండియా తపస్సుకాలంలో నడిపే ఆకలి, వ్యాధుల వ్యతిరేక ఉద్యమం ‘పేనితేమిని’ చూపిన మార్గంలోనిదే. విచారణ స్థాయిలో కూడా ఆ మార్గాన నడవవచ్చు.

ముగింపు

ఈ పరిశీలన నుండి మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, దైవార్చన వత్సరం ఈ సీమకు ఉన్నదున్నట్లుగా దిగిన వస్తువు కాదు. విభూది అన్న మాట మొదలుకొని అది ఇక్కడి భాషలో, ఇక్కడి తపస్సులో పాదుకొంది. రెండవది, ఉపవాస నియమ చరిత్ర కరువు చరిత్రకు వేరుగా అర్థం కాదు. పేదల ఆకలిని తీర్చని ఉపవాసం సంపూర్ణం కాదన్న ప్రవక్త మాట ఇక్కడ ఉపమానం కాదు, లెక్క. మూడవది, శ్రీసభ స్థానిక సంఘాలకు ఇచ్చిన స్వేచ్ఛ ఇంకా పూర్తిగా వినియోగంలోకి రాలేదు.

కనుక రెండు సూచనలతో ఈ వ్యాసాన్ని ముగిస్తున్నాం. జ్యేష్ఠ మాసంలో ఏరువాక పౌర్ణమి సమీపాన ఒక ఆదివారాన్ని విత్తనాల, వానల విన్నప దినంగా ఈ రెండు మేత్రాసనాల్లో పాటించే విషయం పరిశీలించాలి. తపస్సుకాలంలో సుగ్గికి వెళ్లే కుటుంబాలు ఏ విచారణ పరిధిలో పనిచేస్తున్నాయో ముందుగా తెలుసుకొని, అక్కడి గురువులకు తెలియజేసి, పొలాల వద్దనే వారికి విభూది, పాపసంకీర్తనం, పాస్క సత్ప్రసాదం అందేలా ఏర్పాటు చేయాలి. తన ప్రజలు గుడికి రాలేని కాలంలో తానే వారి వద్దకు నడవడం శ్రీసభ చేయగల తపస్సు.