ఎడారి యుద్ధంలో పెట్రోలు డబ్బా

ఎడారిలో వాహనం ఎంత దూరం పోగలదన్నది యంత్రశక్తి కంటే, వెంట తీసుకుపోయిన ఇంధనంలో ఎంత మిగిలిందన్న దానిపైనే ఎక్కువగా ఆధారపడుతుంది. రెండవ ప్రపంచయుద్ధపు ఉత్తర ఆఫ్రికా రంగం దీనికి నిదర్శనం.

1940లో రాల్ఫ్ బాగ్నాల్డ్ ఈజిప్టులో నెలకొల్పిన లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్, తేలికపాటి ట్రక్కులలో నీరు, ఆహారం, పెట్రోలు నింపుకొని శత్రుసేనల వెనుకకు వందల మైళ్లు చొచ్చుకుపోయేది. ఆ కాలంలో బ్రిటిష్ సైన్యం వాడిన నాలుగు గ్యాలన్ల డబ్బా పలుచని రేకుతో చేసినది. చవకైనదే కాని, ట్రక్కు కుదుపులకు దాని అతుకులు విడిపోయి పెట్రోలు కారిపోయేది. స్థావరం నుంచి సైనికునికి చేరేలోగా సుమారు 30 శాతం ఇంధనం నష్టమవుతున్నదని సేనాధిపతి ఆకిన్‌లెక్ అంచనా వేశాడు. సముద్రమార్గాన ప్రాణాలకు తెగించి తెచ్చిన ఇంధనం ఇసుకపాలైందన్నమాట.

జర్మన్ డబ్బా ఇందుకు భిన్నమైనది. అది 20 లీటర్లు పడుతుంది. ఉక్కు రేకును రెండు అర్ధభాగాలుగా అచ్చొత్తి, అతుకు లోపలికి ఉండేలా వెల్డింగు చేశారు. పక్కలనున్న గాడులు ఎండకు ఇంధనం వ్యాకోచించినప్పుడు ఒత్తిడిని తట్టుకుంటాయి. మూడు పిడులుండటం వల్ల నిండు డబ్బాను ఇద్దరు పట్టుకోవచ్చు. ఖాళీవి రెండింటిని ఒకే చేత మోయవచ్చు. బ్రిటిష్ సైనికులు చేజిక్కిన ఈ డబ్బాలనే కోరి వాడుకున్నారు. అనంతరం బ్రిటన్ వాటి నమూనాను అనుకరించింది. జర్మన్లకు వారు పెట్టిన 'జెర్రీ' అనే మారుపేరే 'జెర్రీక్యాన్'గా స్థిరపడింది.

శత్రువు పేరుతోనే ఆ వస్తువు నేటికీ దూరప్రయాణాల వాహనాలలో నిలిచి ఉంది. యుద్ధచరిత్రలో ట్యాంకులతోపాటు డబ్బాలకూ స్థానముండాలనడానికి ఇదే ఆధారం.