పీఠికలో అవ్వ పేరు

హోసూరులో మా వీధి చివరి ఇంట్లో ఒక అవ్వ ఉండేది. పుట్టింటివాళ్ళది తెలుగు, అత్తగారివాళ్ళది మాలూరు పక్క కన్నడం, మనవలు బడిలో చదివేది తమిళం. ఆమె చెబుతూ ఉంటే ఆ ఇంటి కథ నేను రాసి పెట్టాను. చిన్న పుస్తకంగా అచ్చు వేయించాలని మనవడి కోరిక. తీరా రాయడం అయ్యాక అతనే వచ్చి ఒక పుట తీసెయ్యమన్నాడు. అవ్వ తల్లికి అది మారుమనువు. మొదటి మొగుడు కలరాతో పోయాడు. "సంబంధాలు చూసేటప్పుడు నలుగురి చేతుల్లోనూ పడుతుంది టీచరమ్మా" అన్నాడు. నాకూ సబబుగానే తోచింది. తీసేశాను.

అచ్చుకు ఇచ్చే ముందు అవ్వకు చదివి వినిపించాను. అంతా విని, "మా అమ్మ మొదట కాపురం చేసిన ఊరు ఏమైపోయింది టీచరమ్మా? మా అక్క పుట్టింది ఆ ఊళ్ళోనే గదా!" అంది. నా దగ్గర జవాబు లేదు. అక్కను కథలో ఉంచి, ఆమె ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే పుటను చించాను.

ఆ రాత్రి నాకు ముద్దుపళని గుర్తుకొచ్చింది. తమిళదేశంలోని తంజావూరులో, మరాఠీ రాజైన ప్రతాపసింహుని (1739–1763) కొలువులో, తెలుగులో 'రాధికా సాంత్వనము' రాసిన వేశ్య ఆమె. మన కవులు కావ్యం మొదట్లో వంశం చెప్పుకునేటప్పుడు తాత, తండ్రుల పేర్లు చెప్పడం వాడుక. ముద్దుపళని మాత్రం తన అవ్వ తంజనాయకినీ మేనత్తనూ తలచుకుని, తన కవిత్వం ఆ ఆడవాళ్ళ దగ్గరనుంచి వచ్చిందని చెప్పుకుంది. శృంగార కావ్యమన్న పేరే మనకు మిగిలింది గాని, దాని గడపలోనే ఒక ఇంటి ఆడవాళ్ళ చరిత్ర ఉంది.

ఆ గడపనే పడగొట్టారు. సి.పి. బ్రౌన్‌తో కలిసి పనిచేసిన వెంకటనరసు గారు 1887లో ఈ కావ్యాన్ని అచ్చు వేయించారు. 1907లో అది మళ్ళీ అచ్చయింది. అందులో ఆమె తన సంగతి చెప్పుకున్న పీఠిక లేదు. చివర్లోనూ కొన్ని పద్యాలు పోయాయి.

దాన్ని తిరిగి నిలబెట్టినది తెలుగుసీమలో పుట్టిన మనిషి కాదు. మైసూరు సీమలోని నంజనగూడులో 1878లో పుట్టి, మద్రాసులో గాయనిగా పేరు తెచ్చుకున్న బెంగుళూరు నాగరత్నమ్మ. చేతిరాత ప్రతి చేతికొచ్చాక, అచ్చు పుస్తకంలో ఏమేమి పోయాయో ఆమె గమనించింది. వదిలేసిన భాగాలు చేర్చి 1910లో వావిళ్ళవారి చేత అచ్చు వేయించింది. వీరేశలింగం గారు ఈ కావ్యాన్ని నిందించినందుకు, మగకవులు రాస్తే లేని తప్పు ఆడది రాస్తే ఎలా వచ్చిందని పీఠికలో నిలదీసింది. ఊరుకోలేదు లోకం. అశ్లీలమని 1911లో అభ్యంతరాలు లేచాయి, ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం తొలగడానికి 1947 దాకా పట్టింది. మళ్ళీ పుస్తకం వచ్చిన 1952లోనే నాగరత్నమ్మ కన్నుమూసింది.

నాగరత్నమ్మ ముందు నేనెక్కడ? అయినా వెంకటనరసు గారు చేసిన పనే నేనూ చేశానని ఆ రాత్రి తెలిసింది. ఆయన కారణం ఆయనకు ఉండి ఉంటుంది. నాకూ ఉంది.

మర్నాడు మనవణ్ణి పిలిచి, ఆ పుట ఉండాలో పోవాలో చెప్పవలసింది నువ్వూ కాదు, నేనూ కాదు, అవ్వ అన్నాను. అతను రెండు రోజులు మా గడప తొక్కలేదు. మూడో రోజు అవ్వనే వెంటబెట్టుకొచ్చాడు. ఉండనీమంది అవ్వ. ఒక్క మాట మాత్రం మార్చమంది. మొదటి మొగుడి పేరు వద్దు, ఊరి పేరు చాలు అంది. అలాగే చేశాను. ఆమె వద్దన్నది తీసెయ్యడం వేరు, ఆమెకు తెలియకుండా తీసెయ్యడం వేరు.

తెలంగాణా సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలను స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా అచ్చు వేసినప్పుడు, చెప్పిన వాళ్ళ మాట తీరు చెడకుండా ఉంచింది. ఇళ్ళ కథలు రాసే మనకు ఆ పద్ధతే మంచిది. 'పోయినారు' అన్నది 'పోయారు'గా దిద్దబోతే మన సీమ మాట పోతుంది. అవ్వ నోట కన్నడం మాట వస్తే కన్నడమే ఉండనివ్వాలి. ఆ ఇంటి చరిత్రలో అదీ భాగమే.

ఇక లిపి సంగతి. తమిళనాడులో 2006 చట్టం ఒకటో తరగతి నుంచి తమిళాన్ని తప్పనిసరి చేసింది. అవ్వ మునిమనవరాలికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. అందుకని ఎడమ పుటలో తెలుగు లిపిలోనూ, కుడి పుటలో అదే తెలుగును తమిళ లిపిలోనూ వేయించాం. తమిళ లిపిలో పాటకూ బాటకూ తేడా కనిపించదు. పిల్ల పుస్తకం పట్టుకుని "మా అమ్మ నడిచొచ్చిన పాట" అని చదివింది. "పాట కాదే, బాట" అని దిద్దింది అవ్వ. పిల్ల మళ్ళీ చదివింది.

మీ ఇంట్లోనూ ఇలా చెప్పగలిగిన అవ్వ ఉంటే ఈ నెలలోనే ఆమె పక్కన కూర్చోండి. రాసింది అచ్చుకు ఇచ్చే ముందు ఆమెకొకసారి చదివి వినిపించండి.