కొండ: కింద నిలబడ్డవాడి మాట

విశాఖలో "కొండకెళ్తున్నాం" అంటే సింహాచలం. తిరుపతిలో అదే మాటంటే తిరుమల. ఎవరూ పేరు చెప్పరు, ఎవరూ అడగరు. ఏ ఊరివాళ్ళకు ఆ ఊరి కొండే కొండ. ఈ మాటలో ఒక తమాషా ఉంది. దిగువన ఉన్నవాడే దాన్ని కొండ అంటాడు. పైన కాపురమున్నవాడికి అది ఇల్లు, చేను, నీళ్ళ ఊట. కింద నిలబడి మెడ ఎత్తితేనే అది కొండ అవుతుంది.

పుట్టుక సంగతి చూస్తే ఇది అచ్చ ద్రావిడ పదం. తమిళంలో కున్ఱు, మలయాళంలో కున్ను దీని తోబుట్టువులు. తమిళంలో 'న్ఱ' ఉన్నచోట మనకు 'డ' రావడం కొత్త కాదు: వాళ్ళ మూన్ఱు మన మూఁడు. అయితే తమిళుడి కున్ఱు చిన్నది, పెద్దదానికి వాళ్ళకు మలై ఉంది. తెలుగువాడు కొండనే పెద్దపీట మీద కూర్చోబెట్టి, దానికంటే చిన్నవాటికి గుట్ట, తిప్ప, బండ, గుండు అని మెట్లు కట్టుకున్నాడు. ధైర్యం చెప్పాలంటే కొండంత అండ అన్నాడు, తొణకని మనిషిని కొండలా నిలబడ్డాడన్నాడు. సంస్కృతానిదీ ఇదే వరస. అచలమన్నా నగమన్నా కదలనిదని అర్థం. రెండు భాషలూ కొండ మీద పెట్టుకున్న నమ్మకం ఒక్కటే: అది ఎక్కడికీ పోదు.

మాట మాత్రం పోయింది, చాలా దూరం పోయింది. మొదట మనుషుల మీదికి ఎక్కింది. కొండదొరలు, కొండరెడ్లు, కొండకాపులు, కొండకమ్మరులు: ఈ పేర్లన్నీ పల్లపువాళ్ళు పెట్టినవే. అరకు వైపు మాట్లాడే ఒక ద్రావిడ భాష మీద భద్రిరాజు కృష్ణమూర్తి 1969లో వ్యాకరణం ప్రచురిస్తూ, పుస్తకం పేరులోనే 'కొండ', 'కూబి' అని రెండు పేర్లూ ఇచ్చారు. మొదటిది మనం పిలిచేది, రెండోది వాళ్ళు చెప్పుకునేది. దాని పక్కనే కువి, కుయి మాట్లాడేవాళ్ళున్నారు. బయటి ప్రపంచానికి వాళ్ళు ఖోండులు, కోంధ్‌లు. ఆ పేరు వెనకా మన కొండే ఉందని పండితుల్లో చాలాకాలంగా ఉన్న మాట. ఆదిలాబాద్ నుంచి నర్మద దాకా ఉన్న గోండులూ తమ భాషలో తమను గోండులనుకోరు, కోయ్‌తోర్ అంటారు. గోదావరి తీరాన మనం కోయలు అంటున్నది ఆ సొంత పేరుకు దగ్గరి రూపమే. ఈ భాషలన్నీ తెలుగుకు పరాయివి కావు. దక్షిణ మధ్య ద్రావిడమనే ఒకే ఇంట్లో తెలుగుతో కలిసి పుట్టినవి. అక్కచెల్లెళ్ళలో ఒకతె మైదానంలో కాపురం పెట్టి, పైన ఉండిపోయినవాళ్ళను "కొండవాళ్ళు" అన్నదన్నమాట.

గోండు అన్న మాటకూ తెలుగు కొండే మూలమని ఊహించిన వాళ్ళలో స్టీఫెన్ హిస్లాప్ ఒకడు. స్కాట్లాండ్ నుంచి 1845లో నాగపూర్ వచ్చిన మిషనరీ ఆయన. బడి నడిపాడు, గోండుల పాటలూ పదాలూ సేకరించాడు, తీరికున్నప్పుడు సుత్తి పట్టుకుని రాళ్ళ వెంట పడ్డాడు. నాగపూర్ చుట్టుపక్కల రాళ్ళలో అచ్చుపడిన ఆకులను ఏరి, వాటి గురించి రాశాడు. 1863లో ఒక రాత్రి వాగు దాటుతూ మునిగి చనిపోయాడు. గోండుల మీద ఆయన రాసి ఉంచిన కాగితాలు 1866లో అచ్చయ్యాయి. గోండు, ఖోండు రెండూ ఒకటేననీ, తెలుగు కొండకు సంబంధించినవనీ, కొండమనుషులని అర్థమనీ ఆయన వాదం. దాన్ని ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. గౌడ దేశం పేరు నుంచి వచ్చిందని పురాతత్వవేత్త కన్నింగ్‌హామ్ అన్నాడు. నాకు ముచ్చటగా తోచేది వేరే సంగతి. హిస్లాప్ ఒక చేత్తో ఏరిన మాటా, మరో చేత్తో ఏరిన ఆకుల రాళ్ళూ ఆయన పోయిన పదేళ్ళలోపే ఒకే పేరులో కలిశాయి.

1872లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన హెన్రీ మెడ్లికాట్, మధ్య భారతంలో బొగ్గు దొరికే ఇసుకరాళ్ళ వరసకు గోండుల దేశం పేరు మీద 'గోండ్వానా' అని పేరు పెట్టాడు. 1876లో అదే సంస్థకు చెందిన ఫైస్ట్‌మాంటెల్ దాన్ని అచ్చులోకి తెచ్చాడు. అలాంటి రాళ్ళే, అలాంటి ఆకులే ఆఫ్రికాలోనూ ఉన్నాయని గమనించిన వియన్నా పండితుడు ఎడ్వర్డ్ సూయస్, ఒకప్పుడు ఇవన్నీ ఒకే నేల అయివుండాలని 1885లో రాసి, ఆ పోయిన ఖండానికి 'గోండ్వానా ల్యాండ్' అన్నాడు. పేరులోనే వనం ఉన్నాక మళ్ళీ ల్యాండ్ దేనికని కొందరు శాస్త్రజ్ఞులు ఈనాటికీ విసుక్కుంటారు. సింహాచలం కొండ, తిరుమల కొండ అనే మనకు ఆ విసుగు ఉండకూడదు. అచలమన్నా కొండే, మల అన్నా కొండే, అయినా కొండ తగిలిస్తే తప్ప మన నోటికి తృప్తి ఉండదు.

ఆ రాళ్ళ వరసలో అడుగున ఉన్నది మరీ విచిత్రం. 1856లో ఒడిశాలోని తాల్చేరు దగ్గర ఆ సర్వేక్షణ సంస్థకే చెందిన బ్లాన్‌ఫర్డ్ సోదరులూ వాళ్ళ సహచరులూ ఒక పొర చూశారు. మెత్తటి బురదరాతిలో తలకాయంత గుండ్లు, ఎద్దంత గుండ్లు, గులకరాళ్ళు కలగలిసి ఉన్నాయి. నీరు మంచి చేట. బరువును ముందు దింపి, ఇసుకను తర్వాత, ఒండ్రును చివర దింపి చెరిగి పెడుతుంది. ఇక్కడ చెరగడమే లేదు, బండి వెనక్కి ఎత్తి కుమ్మరించినట్టుంది. అలా కుమ్మరించేది మంచు. వాళ్ళు ఆ మాట అన్నప్పుడు, ఎండలు కాసే ఈ దేశంలో మంచేమిటని నవ్వినవాళ్ళున్నారు. తర్వాత 1870ల్లో చంద్రపూర్ జిల్లా ఇరై దగ్గర, ఆ గుండ్ల పొర కింద సున్నపురాయి నేల బయటపడింది. చాపరాయిలా నునుపుగా ఉంది, దాని మీద ఒకే దిక్కుకు సాగిన గీట్లున్నాయి. అడుగున రాళ్ళు పొదుగుకున్న మంచు వందల అడుగుల మందంతో పాకుతూ పోతే తప్ప రాతి మీద అలాంటి గీట్లు పడవు. వేసవిలో 45 డిగ్రీలు దాటి మాడే ఆదిలాబాద్ సరిహద్దు సీమలో, సుమారు 30 కోట్ల ఏళ్ళ నాడు పాకిన మంచు అది.

దానికి మనకు సొంత మాట లేదు. పొగమంచు, గడ్డిపరక మీది మంచు, హిమాలయాల మంచు అన్నీ మనకు మంచే. పాఠ్యపుస్తకం 'హిమానీనదం' అంటుంది. చూడని వస్తువుకు భాష మాట పుట్టించలేదు. కాని మన నేల చూసింది, గీట్లతో సహా గుర్తు పెట్టుకుంది.

మంచు తగ్గాక చిత్తడి అడవులు లేచాయి. వాటిలో నాలుక ఆకారపు ఆకుల చెట్టు ఒకటి అంతటా ఉండేది. నాలుక అనే గ్రీకు మాటతోనే దానికి గ్లోసాప్టెరిస్ అని పేరు. అలాంటి అడవులు కూలి, బురద కింద నలిగి బొగ్గయ్యాయి. 1871లో ఇల్లెందు దగ్గర భూగర్భ సర్వేక్షణకు చెందిన విలియం కింగ్ కనిపెట్టిన బొగ్గు అదే. అక్కడి ఒక బొగ్గు పొరను గని కార్మికులు ఇప్పటికీ కింగ్ సీమ్ అంటారు. సింగరేణి తట్టలోకి ఎక్కిన ఆకులాంటిదే భూమికి అటు చివరనా దొరికింది. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ మంచులో చనిపోయిన స్కాట్ బృందం బండి మీద సుమారు 16 కిలోల రాళ్ళున్నాయి. నడవలేని స్థితిలోనూ వాళ్ళు వదలని ఆ రాళ్ళలో గ్లోసాప్టెరిస్ ఆకు ఉంది.

సముద్రాలు దాటి ఇంత దూరం ఆకు ఎలా వెళ్ళింది? నడుమనున్న నేల మునిగిపోయిందని సూయస్ అన్నాడు. నేల మునగలేదు, ఖండాలే విడిపోయి జరిగాయని 1912లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ అంటే పెద్దలు కొట్టిపారేశారు. దక్షిణాఫ్రికా శాస్త్రజ్ఞుడు డు టోయిట్ 1937లో గోండ్వానా రాళ్ళను సాక్షులుగా నిలబెట్టి వెగెనర్ పక్షం వహించాడు. 1960ల నాటికి సముద్రపు అడుగు లెక్కలు తేలాక అందరూ ఒప్పుకున్నారు. మన పాఠ్యపుస్తకాలు భూమి పైపెంకు ముక్కలను 'పలకలు' అన్నాయి. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దిన తరానికి ఇంతకంటే సులువైన మాట దొరకదు, పైగా ఆ పలకా రాయే. ఈ పలకలు సుమారు 100 కిలోమీటర్ల మందం. సముద్రం అడుగు చల్లబడి, బరువెక్కి, ఒక అంచున భూమి లోపలికి కుంగుతుంటే, నులకమంచం మీద దుప్పటి ఒక కొస జారి మిగతాదాన్ని లాక్కుపోయినట్టు, దానికి అతుక్కున్న ఖండమూ వెంట పోతుంది. అలాగే మన నేల 13 కోట్ల ఏళ్ళ నాడు అంటార్కిటికాను, 9 కోట్ల ఏళ్ళ నాడు మడగాస్కర్‌ను విడిచింది. 5 కోట్ల ఏళ్ళ నాడు ఆసియాను ఢీకొని హిమాలయాలను లేపింది. ఇప్పటికీ ఏడాదికి 5 సెంటీమీటర్లు, చిటికెన వేలంత, ఉత్తరానికి జరుగుతూనే ఉంది.

ఇక మళ్ళీ సింహాచలం కొండకు. అది ఎర్రబారిన ఖోండలైట్ అనే రాయి. తూర్పు కనుమల్లో చాలాచోట్ల ఈ రాయే, కైలాసగిరీ ఇదే, కోణార్క ఆలయం రాయీ ఇదే. ఒకప్పటి బంకమట్టి భూమిలోకి చాలా లోతుకు దిగి, 100 కోట్ల ఏళ్ళ కిందటి ప్రాంతంలో ఉడికి ఇలా మారింది. కాలహండి కొండల్లో దీన్ని పరిశీలించిన టి.ఎల్. వాకర్ 1902లో అక్కడి ఖోండుల పేరు పెట్టాడు. అంటే, పండితుల మాట నిజమైతే, కొండ అన్న మాట మనిషి మీదుగా మళ్ళీ రాయి మీదికే వచ్చిందన్నమాట. ఇదే జాతి రాళ్ళు తూర్పు అంటార్కిటికాలోనూ ఉన్నాయి. రెండూ ఒకే కొండల వరస, నడుమ సముద్రం వచ్చి తెగింది. అచలమని పిలిచి మొక్కుతున్న కొండ వేల కిలోమీటర్లు నడిచి వచ్చి మన ముందు నిలబడింది.

ఇన్ని ప్రయాణాల్లో ఆ పేరు మోసిన మనుషులను ఎవరూ సంప్రదించలేదు. ఖండానికి కోయ్‌తోర్ పేరు రాలేదు, రాతికి కుయి పేరు రాలేదు. కింద నుంచి చూసినవాళ్ళ పేరే చెల్లింది. దూరపు కొండలు నునుపు అని మనకో సామెత ఉంది. నునుపుగా కనిపించేది కొండే కాదు, కొండ మీది మనుషులు కూడా. ఇరై రాతి నేల కూడా దూరానికి నునుపే, వంగి చూస్తేనే గీట్లు.

ఖోండలైట్ కోట్ల ఏళ్ళు వానకు నాని శిథిలమైతే, పైన బాక్సైట్ మిగులుతుంది. ఒడిశాలోని నియమ్‌గిరి నెత్తిన అలాంటి బాక్సైట్ ఉంది. అక్కడుండేవాళ్ళు డోంగ్రియా కోంధ్‌లు. డోంగర్ అంటే ఒడియాలో కొండ. కొండ కొండవాళ్ళని రెండు సార్లు పిలిపించుకున్నవాళ్ళు. అది తమ దైవం నియమ్ రాజా ఉండే చోటని వాళ్ళంటారు. అక్కడ గని తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలను అడిగి తేల్చమని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. 12 పల్లెల్లో సభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి.

కొండా అని ఎన్నో తరాలుగా కింద నుంచి పిలుస్తున్నాం. పై నుంచి వచ్చిన పలుకు ఆ 'వద్దు'.