సంఘము ఎదుట ఒప్పుకోలు – సేలము చరిత్ర నేర్పు పాఠము

ప్రతి ఆదివార ఆరాధనలో మనమందరము ఏకకంఠముతో పాపపు ఒప్పుకోలు చెప్పుచున్నాము. కంఠస్థమైన మాటలు గనుక అవి సులభముగానే వచ్చును. అందరితో కలిసి చెప్పునప్పుడు ఎవరి దోషమేదో పక్కనున్నవారికి తెలియదు. అయితే ఒక మనుష్యుడు ఒంటరిగా లేచి నిలువబడి, ఈ కీడులో నాకు భాగము కలదని తన సంఘము ఎదుట ఒప్పుకొనుట వేరు. అట్టి ఒప్పుకోలు ఒకటి అమెరికా దేశములో 1697వ సంవత్సరమున జరిగినది. శతవత్సరోత్సవము జరుపుకొనుచున్న మనకు అది తగిన పాఠమని తలంచి, ఆ చరిత్రను ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఆ కాలమున మాసచూసెట్సు ఇంగ్లాండు ఏలుబడిలోని వలస దేశము. అచ్చట స్థిరపడిన ప్యూరిటనులు వేదపఠనమందును, ప్రార్థనయందును, విశ్రాంతి దినాచరణయందును మిక్కిలి నిష్ఠగలవారు. వారి గ్రామములలో సేలము విలేజి ఒకటి. నేడు దాని పేరు డాన్వర్స్. 1692 జనవరిలో ఆ గ్రామ సంఘపు పాదిరియైన శామ్యూల్ పారిస్ గారి ఇంట ఆయన చిన్న కుమార్తెకును, ఆ ఇంట పెరుగుచున్న బంధువుల పిల్లకును వింత జబ్బు పట్టుకొనెను. పిల్లలు కేకలు వేయుచు, మెలికలు తిరిగిపోవుచుండిరి. ఇది చేతబడియే అని పెద్దలు తలంచిరి. ఎవరు చేసిరని గుచ్చి గుచ్చి అడుగగా పిల్లలు పేర్లు చెప్పసాగిరి.

మొదట వచ్చిన పేర్లు దిక్కులేని స్త్రీలవి. ఒకామె ఇంటింట అడుగుకొని బ్రతుకునది, ఒకామె రోగముతో మంచము పట్టినది, ఒకామె పాదిరిగారి ఇంటి దాసి. పిమ్మట ఆ నిందలు మంచి పేరుగల సంఘస్థుల వరకు ప్రాకినవి. పొలముల తగవులు, పాదిరిగారి జీతమును గూర్చిన కక్షలు అంతకు ముందే ఆ సంఘమును చీల్చియుండెను. నిందింపబడినవారు 150 మందికి మించిరి. 1692 మే నెలలో గవర్నరు విలియం ఫిప్స్ విచారణకై ప్రత్యేక న్యాయస్థానమును నియమించెను. నిందితురాలి ఆత్మరూపము వచ్చి నన్ను బాధించుచున్నదని పిల్లలు చెప్పిన మాటను న్యాయాధిపతులు సాక్ష్యముగా అంగీకరించిరి. ఆ రూపము మరి ఎవరి కంటికిని కనబడలేదు!

నర్స్ అను ఇంటిపేరుగల రెబెకా 71 ఏండ్ల భక్తిగల వృద్ధురాలు. జూరీవారు మొదట ఆమె నిర్దోషి అని తీర్పు చెప్పిరి. అంతట పిల్లలు పెద్దగా అరచిరి. న్యాయాధిపతులు మరల ఆలోచింపుడనిరి. జూరీవారు మాట మార్చిరి. జూలై 3న ఆమె సంఘము ఆమెను వెలివేసెను. జూలై 19న ఆమెను ఉరి తీసిరి. అంతకు ముందు ఆ గ్రామములోనే పాదిరిగా పనిచేసిన జార్జి బరోస్ గారిని ఆగస్టు 19న ఉరి తీసిరి. మంత్రగాడు ప్రభువు ప్రార్థనను తప్పులేక చెప్పలేడని జనుల నమ్మకము. ఆయన ఉరిమ్రాను యొద్ద నిలిచి దానిని ఒక్క తప్పు లేక చెప్పెను. అయినను విడువలేదు. ఈ విధముగా 19 మంది ఉరితీయబడిరి. 80 ఏండ్లు దాటిన ఒక వృద్ధుని బండల బరువు క్రింద నొక్కి చంపిరి. కనీసము ఐదుగురు చెరసాలలోనే మరణించిరి.

ఇందులో మనము గమనింపదగిన సంగతి ఒకటి కలదు. నేను చేతబడి చేసితినని అబద్ధముగా ఒప్పుకొనినవారిని ఉరితీయలేదు. చేయని పాపమును ఒప్పుకొనుట అబద్ధమాడుటయేనని నిరాకరించినవారే ఉరికంబమెక్కిరి. శామ్యూల్ వార్డ్‌వెల్ అను నతడు మొదట భయపడి ఒప్పుకొనెను. పిదప అది అబద్ధమని చెప్పి ప్రాణము పోగొట్టుకొనెను. భయపెట్టి రాబట్టిన ఒప్పుకోళ్లతో ఆ న్యాయస్థానపు కాగితములు నిండిపోయినవి. నిజముగా ఒప్పుకొనవలసినవారు మాత్రము న్యాయపీఠము మీద కూర్చుండియుండిరి.

1692 అక్టోబరులో గవర్నరు ఆ న్యాయస్థానమును రద్దుచేసెను. ఆ న్యాయాధిపతులలో శామ్యూల్ సూవల్ ఒకడు. 1696 డిసెంబరు 23న అతని రెండేండ్ల కుమార్తె మరణించెను. మరునాడు అతని కుమారుడు మత్తయి సువార్త 12వ అధ్యాయమును చదివి వినిపించెను. కనికరమును ఎరుగనివారు నిర్దోషులకు శిక్ష విధింతురను భావముగల 7వ వచనము వినగానే, సేలములో జరిగినది భయంకరముగా జ్ఞాపకమునకు వచ్చెనని సూవల్ తన దినచర్య పుస్తకములో వ్రాసికొనెను.

1697 జనవరి 14 ఆ దేశమంతట ఉపవాస దినము. బోస్టను పట్టణములోని దక్షిణ సంఘ మందిరములో పాదిరి శామ్యూల్ విల్లర్డ్ గారు ప్రసంగ వేదికకు పోవుచుండగా సూవల్ ఒక కాగితమును ఆయన చేతికిచ్చెను. పాదిరిగారు దానిని చదువుచున్నంతసేపు ఆ న్యాయాధిపతి తన స్థలమందు లేచి నిలువబడి, చదువుట ముగిసిన పిమ్మట తల వంచెను. సేలము విచారణ వలన కలిగిన నిందను, సిగ్గును తన మీదికి తీసికొనుచున్నానని, దేవుడు తన్ను క్షమించునట్లు ప్రార్థింపుడని అందులో వ్రాసియుండెను. అందరితోపాటు నేనును పొరబడితినని అతడు తప్పించుకొనలేదు. ఆ సంవత్సరమే 12 మంది జూరీ సభ్యులును తమ దోషమును ఒప్పుకొని సంతకములు చేసిరి. న్యాయస్థానమునకు అధ్యక్షుడైన విలియం స్టౌటన్ మాత్రము 1701లో మరణించువరకు ఒప్పుకొననే లేదు.

ఒప్పుకొనినయెడల పరువు పోవునని మనము భయపడుదుము. సూవల్ పరువు పోలేదు. 1718లో అతడు ఆ దేశపు ప్రధాన న్యాయాధిపతి ఆయెను. అంతకు ముందే, 1700లో, అమ్ముడుపోయిన యోసేపు చరిత్రను ఆధారము చేసికొని, మనుష్యులను బానిసలుగా కొని అమ్ముట తగదని ఒక చిన్న పుస్తకము ప్రచురించెను. ఒకసారి తన తప్పును చూడగలిగిన కన్ను మరియొక తప్పును కూడ చూచినది.

అయితే సూవల్ కాగితములో చనిపోయినవారి పేర్లు లేవు. ఆ కొరతను తీర్చినది ఒక యువతి. సాక్ష్యము చెప్పిన పిల్లలలో ఆన్ పుట్నమ్ ఒకతె. అప్పుడామెకు 12 ఏండ్లు. 1706 ఆగస్టులో ఆమె సంఘ సహవాసములో చేర్చుకొనబడుటకు వచ్చి నిలువబడగా, పాదిరి జోసెఫ్ గ్రీన్ గారు ఆమె ఒప్పుకోలును చదివిరి. నేను సాతానుచే మోసపోయితినని ఆమె చెప్పెను గాని అంతటితో ఆగలేదు. రెబెకా నర్స్ పేరును, ఆమె ఇద్దరు సహోదరీల సంగతియు ఎత్తి, దేవుని క్షమాపణతోపాటు ఆ కుటుంబముల క్షమాపణను కూడ కోరెను. ఆ మందిరములో రెబెకా బంధువులును సభ్యులు. వారు అనేక సంవత్సరములు ప్రభువు బల్లకు దూరముగా నుండి, 1699లో మాత్రమే తిరిగి వచ్చియుండిరి.

కడపట సంఘమే తన్ను తాను తగ్గించుకొనినది. రెబెకాను వెలివేసిన సంఘము 1712లో ఆ వెలిని రద్దుచేసి గ్రంథములోనుండి కొట్టివేసెను. అంతకు ముందు, 1711లో, ప్రభుత్వము బాధితుల కుటుంబములకు 578 పౌనుల 12 షిల్లింగులు నష్టపరిహారము నిర్ణయించెను. అయినను అందరి పేర్లును శుద్ధి కాలేదు. మరణశిక్ష పొంది ఉరి తప్పించుకొనిన ఎలిజబెత్ జాన్సన్ నిర్దోషియని మాసచూసెట్సు శాసనసభ ప్రకటించినది 2022లోనే! ఆలస్యమైన ఒప్పుకోలు ఎన్ని తరములు నడువవలెనో చూడుడి.

ఇది దూరదేశపు పాతకథ అని మనము తోసివేయజాలము. బాణామతి, చేతబడి అను అనుమానముతో మన తెలుగు పల్లెలలోను మనుష్యులను కొట్టి, పండ్లూడగొట్టి, చంపిన సంగతులు వార్తాపత్రికలలో చదువుచునే యున్నాము. ఇంట జబ్బు రాగానే ప్రక్కింటి విధవరాలి మీద చూపు పోవుట బాప్తిస్మము పొందినవారి ఇండ్లలో లేదని చెప్పగలమా? చేతబడి మాట అటుంచుడి. సంఘ కమిటీ ఎన్నికలలో వేసిన నిందలు, కోర్టుల కెక్కిన ఆస్తి తగవులు, బల్లయొద్దకు వచ్చునప్పుడును మనసులో మోయుచున్న కులభేదము, వీటి వలన గాయపడి మందిరము మానుకొనినవారి పేర్లు ప్రతి సంఘమునకును తెలియును.

ఇట్టి సంచికలలో కట్టిన దేవాలయముల లెక్కయు, నడిపిన పాఠశాలల లెక్కయు ఉండును, అది న్యాయమే. దేవుడు చేసిన మేలులను మరువరాదు. అయితే నాతాను ఎదుట దావీదు సాకు చెప్పలేదు. జక్కయ్య ప్రభువును ఇంట చేర్చుకొనిన దినముననే అన్యాయముగా తీసికొనినదానిని తిరిగి చెల్లింతుననెను. ఒకనితో ఒకడు పాపములను ఒప్పుకొనవలెనని యాకోబు పత్రిక బోధించుచున్నది. కనుక ఈ కృతజ్ఞతార్పణ సంవత్సరములో ప్రతి సంఘమును ఒక్క పేరైనను తలంచుకొని, ఆ ఇంటి గడప త్రొక్కి, మా వలన మీకు కీడు జరిగినదని చెప్పిన యెడల, అది కానుకల పళ్లెములో వేసినదానికంటె ప్రభువునకు ప్రియమైన అర్పణ యగును. బాధపడినవారు బ్రతికియుండగానే ఆ మాట వారి చెవిని పడవలెను. అట్టి దీనమనస్సును ప్రభువు మన అధ్యక్ష ఖండములోని సంఘములన్నిటికి అనుగ్రహించును గాక.