నేను అభిమానించే టీమ్, అది మోసిన మన బొమ్మ: క్లీవ్‌ల్యాండ్ బేస్‌బాల్ చరిత్ర

పోస్ట్ కొంచెం పెద్దది. తీరిక ఉన్నప్పుడు చివరిదాకా చదవండి.

గురుకులంలో ఉన్నప్పుడు నేను సాఫ్ట్‌బాల్ ఆడేవాడిని. మా పీఈటీ సారు బేస్‌బాల్ వీడియోలు చూపించి బ్యాటింగ్ నేర్పేవారు. అట్లా చూస్తూ చూస్తూ నాకు ఒక టీమ్ మీద పిచ్చి పట్టింది. పేరు క్లీవ్‌ల్యాండ్ గార్డియన్స్. అమెరికాలో ఒహాయో రాష్ట్రం వాళ్ళది. అక్కడ సాయంత్రం మ్యాచ్ అంటే మనకు తెల్లవారుజామున నాలుగు గంటలు. హాస్టల్ అంతా నిద్రపోతుంటే నేను దుప్పటి కప్పుకుని స్కోరు చూస్తుంటాను. "ఐపీఎల్ వదిలేసి ఇదేం పిచ్చిరా నీకు" అని రూమ్‌లో వాళ్ళు నవ్వుతారు. నవ్వనీ.

మొదట్లో ఈ టీమ్ పాత బొమ్మ ఒకటి నెట్‌లో దొరికింది. ఎర్రటి ముఖం, పెద్ద ముక్కు, పళ్ళన్నీ కనబడే నవ్వు, తల మీద ఒక ఈక. భలే ఉందనుకుని ఫోన్‌లో వాల్‌పేపర్ పెట్టుకున్నాను. అది ఎవరి ముఖమో అప్పుడు నాకు తెలియదు. మొన్న ఒక తమ్ముడు "అన్నా, ఆ టీమ్ పాత పేరు ఇండియన్స్ అంట కదా, మన దేశం పేరేనా?" అని అడిగాడు. కాదు తమ్ముడూ. కొలంబస్ దారి తప్పి అమెరికా చేరి, ఇండియాకే వచ్చాననుకుని అక్కడి ఆదివాసులకు ఆ పేరు పెట్టాడు. టీమ్ పేరులో ఉన్న ఇండియన్స్ వాళ్ళే. అంటే మనలాంటి వాళ్ళే. ఆ కథే చెప్తాను.

లూయిస్ సాకలెక్సిస్ అనే కుర్రాడు 1871లో పుట్టాడు. తెగ పెనాబ్‌స్కాట్, ఊరు మెయిన్ రాష్ట్రంలో నది మధ్య ఇండియన్ ఐలాండ్. కాలేజీలో ఆడుతూ పేరు తెచ్చుకుని 1897లో క్లీవ్‌ల్యాండ్ ప్రొఫెషనల్ టీమ్‌లో చేరాడు. అప్పుడు ఆ టీమ్ పేరు స్పైడర్స్. ఇతను చేరగానే పత్రికల వాళ్ళు టీమ్ మొత్తాన్నే "ఇండియన్స్" అని రాయడం మొదలుపెట్టారు. అందులో మెచ్చుకోలూ ఉంది, ఎగతాళీ ఉంది. ఏ ఊరికి ఆడడానికి వెళ్ళినా గ్యాలరీల్లో జనం నోటి మీద చెయ్యి ఆడిస్తూ కూతలు పెట్టేవారు. ఇతని మీద వెక్కిరింపు కార్టూన్లు కూడా వేశారు.

ఆ కూతల మధ్యే అతను ఆ ఏడాది 66 మ్యాచ్‌లు ఆడి .338 సగటు తెచ్చుకున్నాడు. అంటే వంద సార్లకు సుమారు 34 సార్లు హిట్ కొట్టాడన్నమాట. బేస్‌బాల్‌లో 30 కొడితేనే మంచి బ్యాటర్ అంటారు. కానీ జులైలో కాలికి దెబ్బ తగిలింది. తాగుడు కూడా అలవాటైంది. 1899కల్లా పెద్ద టీమ్‌లో అతని ఆట అయిపోయింది. మూడేళ్ళలో మొత్తం 94 మ్యాచ్‌లే. తర్వాత సొంత రాష్ట్రానికి పోయి, అడవిలో కలప పని చేస్తూ 1913 డిసెంబర్‌లో చనిపోయాడు. వయసు 42.

ఆ స్పైడర్స్ టీమ్ 1899లో 20 మ్యాచ్‌లు గెలిచి 134 ఓడి మూతపడింది. 1901లో అదే ఊళ్ళో ఇంకో టీమ్ వచ్చింది. దాని స్టార్ నాప్ లాజోయ్. అతని మీద అభిమానంతో టీమ్‌నే "నాప్స్" అన్నారు. 1914 సీజన్ తర్వాత అతను వెళ్ళిపోతే కొత్త పేరు కావాల్సి వచ్చింది. ఓనరు పత్రికా విలేకరులను అడిగితే వాళ్ళు "ఇండియన్స్" అని తేల్చారు. అంతకుముందు ఏడాదే బోస్టన్ బ్రేవ్స్ అనే టీమ్ కప్పు గెలిచి ఉంది. అదీ ఆదివాసి యోధుల పేరే.

చాలా ఏళ్ళ తర్వాత క్లబ్ వాళ్ళు "సాకలెక్సిస్‌ను గౌరవించడానికే ఈ పేరు పెట్టాం" అని చెప్పుకుంటూ వచ్చారు. అప్పట్లో ఒక పత్రిక అతని పేరు తలుచుకున్న మాట నిజమే. గానీ అతని గౌరవం కోసమే ఆ పేరు పెట్టారనడానికి గట్టి ఆధారం లేదని ఆ కాలం పత్రికలు తిరగేసిన పరిశోధకులు అంటున్నారు.

1947లో ఓనరు బిల్ వీక్ టీమ్‌కు బొమ్మ కావాలన్నాడు. గీసింది 17 ఏళ్ళ కుర్రాడు. 1951లో దాన్ని మార్చి ముఖాన్ని ఎర్రగా చేశారు. "చీఫ్ వాహూ" అంటే అదే, నా వాల్‌పేపర్. ఇక్కడ ఒక విచిత్రం చూడండి. అదే 1947లో అదే టీమ్ లారీ డోబీని తీసుకుంది. అమెరికన్ లీగ్‌లో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు ఆయనే. 1948లో ఆయన ఉండగానే కప్పు గెలిచారు. ఒక జాతికి తలుపు తీసిన టీమే ఇంకో జాతిని టోపీ మీద బొమ్మ చేసింది.

1948 తర్వాత ఇప్పటిదాకా ఆ కప్పు మళ్ళీ రాలేదు. 1954, 1995, 1997, 2016 ఫైనల్స్‌లో ఓడిపోయారు. 2016లో అయితే 3-1తో ముందుండి కూడా చివరి మూడూ పోగొట్టుకున్నారు. అయినా జనం వదల్లేదు. జాన్ ఆడమ్స్ అని ఒక అభిమాని ఉండేవాడు. 1973 ఆగస్టులో పెద్ద డ్రమ్ము పట్టుకుని స్టేడియంకు వచ్చాడు. అప్పట్లో టీమ్ బాగా ఆడేది కాదు, సగం పైగా కుర్చీలు ఖాళీ. ఈయన వెనక వరసలో కూర్చుని కొట్టాడు. అట్లా 3,700కు పైగా మ్యాచ్‌లకు కొట్టాడు. డ్రమ్ముకు కూడా టికెట్ కొనేవాడు. 2023 జనవరిలో చనిపోయాడు. మన ఊళ్ళో తుడుము కొట్టే తాత లేకపోతే పండగ పండగలా ఉండదు కదా, ఆ ఊరికి ఆయన అట్లా.

అదే స్టేడియం గేటు బయట ఇంకో గుంపు ఉండేది. ప్రభుత్వం 1950లలో ఆదివాసులను రిజర్వేషన్ భూముల నుంచి నగరాలకు తరలించే పథకం పెట్టింది. వాళ్ళను పంపిన నగరాల్లో క్లీవ్‌ల్యాండ్ ఒకటి. ఊరు వదిలి, పని వెతుక్కుంటూ వచ్చిన వాళ్ళకు అక్కడ ప్రతి టోపీ మీదా ఆ ముఖమే కనబడింది. 1972లో రస్సెల్ మీన్స్, అక్కడి ఆదివాసి సెంటర్ వాళ్ళు కలిసి క్లబ్ మీద 90 లక్షల డాలర్లకు కేసు వేశారు. 1983లో 35 వేల డాలర్లకు రాజీ అయింది. బొమ్మ మాత్రం పోలేదు. ప్రతి ఏటా సీజన్ మొదటి రోజు వాళ్ళు గేటు దగ్గర ప్లకార్డులతో నిలబడేవారు. లోపలికి పోయే అభిమానులు కొందరు వాళ్ళ ముఖం మీదే కూతలు పెట్టేవారు. సాకలెక్సిస్ తెగ పెనాబ్‌స్కాట్ వాళ్ళే 2000లో ఆ బొమ్మ తీసేయమని తీర్మానం చేశారు. ఎవరిని గౌరవిస్తున్నామని చెప్పారో ఆ మనిషి సొంత జనమే వద్దన్నారు. 2005లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం కూడా ఇలాంటి బొమ్మలు ఆదివాసి పిల్లల ఆత్మగౌరవాన్ని దెబ్బతీస్తాయని, తీసేయాలని చెప్పింది.

చివరికి 2018 సీజన్‌తో బొమ్మ యూనిఫాం మీద నుంచి పోయింది. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత దేశమంతా ఉద్యమం లేచినప్పుడు పేరు కూడా మారుస్తామన్నారు. 2021 సీజన్ అయ్యాక గార్డియన్స్ అయ్యారు. ఊళ్ళో 1932 నాటి వంతెన మీద నిలబడ్డ రాతి విగ్రహాల పేరు అది. కేసు వేసిన 1972 నుంచి లెక్కేస్తే దాదాపు 50 ఏళ్ళు పట్టింది.

ఇది చదువుతుంటే నాకు నా సంగతి గుర్తొచ్చింది. ఫస్టియర్‌లో కాలేజీ యాన్యువల్ డే. "ట్రైబల్ డాన్స్" అని పెట్టారు. నువ్వు ఏజెన్సీవాడివి కదా, ముందు నిలబడు అన్నారు. ముఖానికి మసి, నడుముకు ఆకులు, "హో హో" అని అరుపులు. "మీ కల్చర్‌కి రెస్పెక్ట్ ఇస్తున్నాం" అన్నారు. నేను ఒప్పుకున్నాను. అరిచాను కూడా. చప్పట్లు బాగా వచ్చాయి. సెలవుల్లో ఇంటికి పోయి అమ్మకు ఆ వీడియో చూపించాను. మా అమ్మ థింసా బాగా ఆడుతుంది. చూసి, "మనోళ్ళు ఎప్పుడు ఇట్లా ఆడారురా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

టీమ్‌ను ప్రేమించడం తప్పని నేను అనను. జాన్ ఆడమ్స్ ప్రేమ నిజమైనదే, నాదీ నిజమైనదే. కానీ గేటు బయట నిలబడ్డవాళ్ళు చెడగొట్టడానికి వచ్చారని అభిమాని అనుకున్నన్నాళ్ళు ఆ ప్రేమలో ఒక లోటు ఉంది. గౌరవం అందిందో లేదో చెప్పాల్సింది తీసుకున్నవాళ్ళు. ఇచ్చామని చెప్పుకునేవాళ్ళు కాదు. పాత టోపీ పెట్టుకుని ఇప్పటికీ మ్యాచ్‌కు వచ్చేవాళ్ళు ఉన్నారు. అట్లాంటా బ్రేవ్స్ మ్యాచ్‌లలో గొడ్డలి ఊపినట్టు చేతులు ఊపడం ఇంకా ఉంది. 2019లో రయన్ హెల్స్‌లీ అనే చెరోకీ తెగ బౌలర్ అది తమ జాతికి అవమానమని నోరు తెరిచి చెప్పాడు. ప్రత్యర్థి టీమ్‌లో ఉండి, వాళ్ళ గ్రౌండ్‌లోనే చెప్పాడు. అప్పుడు అతనికి 25 ఏళ్ళు. నాకంటే ఐదేళ్ళే పెద్ద.

ఈసారి యాన్యువల్ డేకు మళ్ళీ అడిగారు. మసి పూసుకోను, మాకు పది నిమిషాలు ఇస్తే నిజం థింసా మేమే ఆడతాం అన్నాను. మేం ఏజెన్సీ పిల్లలం ఏడుగురం ఉన్నాం. ఒప్పుకుంటారో లేదో ఇంకా చెప్పలేదు. మీ కాలేజీల్లో ఇట్లాంటివి జరిగితే మీరేం చేశారో రాయండి, నాకు పనికొస్తుంది.

వాల్‌పేపర్ మార్చేశాను. ఇప్పుడు ఆ వంతెన మీద రాతి విగ్రహం ఉంది. రేపు నాలుగింటికి అలారం పెట్టుకున్నాను, మ్యాచ్ ఉంది.

జై ఆదివాసీ.