నడుంనొప్పి: లారీ కార్మికులకు ఫిజియోథెరపీ

పక్కటెముకల దిగువ నుంచి పిరుదుల దాకా వచ్చే నొప్పి నడుంనొప్పి. 12 వారాలు దాటితే దీర్ఘకాలికం అంటారు. పార్వతీపురం మన్యం జిల్లాలోని సాలూరు లారీ రవాణాకు, లారీ బాడీల తయారీకి పేరుపడ్డ పట్టణం. 26వ జాతీయ రహదారిపై ఒడిశా ఘాట్ రోడ్డు ఎక్కిదిగే డ్రైవర్ల నడుముకు గంటల తరబడి కూర్చోవడం, బండి అదురు, బరువులెత్తడం మూడూ చేటే.

చికిత్సలో ప్రధానమైనది వ్యాయామం. వీపు, పొట్ట, తుంటి కండరాలను బలపరిచే కసరత్తులను, నడకను ఫిజియోథెరపిస్టు రోగి పనిని బట్టి క్రమంగా పెంచుతారు. ఫలానా పద్ధతే గొప్పదని తేలలేదు. విడవకుండా చేయగలిగిందే మేలు. మర్దన, వెన్ను కీళ్లను చేత్తో కదిలించే చికిత్స కొందరికి ఊరటనిస్తాయి. కాపడంతో కలిగే ఉపశమనం తాత్కాలికం. దీర్ఘకాలిక నొప్పికి ట్రాక్షన్ (నడుమును లాగి ఉంచడం), అల్ట్రాసౌండ్ చికిత్స, టెన్స్ (చర్మం మీదుగా స్వల్ప విద్యుత్ ప్రేరణ), నడుం బెల్టులను మామూలుగా వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. రోజు కూలి వదులుకుని యంత్రాల చికిత్సకు వచ్చేవారికి ఈ సంగతి ముందే చెప్పడం న్యాయం. రోజుల తరబడి మంచంపై ఉండటం కోలుకోవడాన్ని ఆలస్యం చేస్తుంది.

డ్రైవర్లు మధ్యమధ్య దిగి నడవాలి; దిగీదిగగానే బరువెత్తకూడదు. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా, మర్మాంగాల చుట్టూ తిమ్మిరెక్కినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.